నేను అందుకోని డప్పు

ముందే చెప్పేస్తున్నాను, నాకు డప్పు వచ్చు. బాగానే వచ్చు. ఈ మాట ఇబ్రహీంపట్నంలో మా గల్లీలో నిలబడి గట్టిగా చెప్పలేను గాని, లుసాకాలో ఎవరినడిగినా చెబుతారు.

లుసాకా అంటే ఆఫ్రికాలో జాంబియా దేశపు రాజధాని. అక్కడ బోరు బండ్ల కంపెనీలో కొన్నేళ్లు సూపర్‌వైజరుగా చేశాను. బోర్లు వేయడం మా వైపు వాళ్లకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? నీళ్లు పడక పొలమంతా చిల్లులు పొడిచి నేర్చుకున్న విద్య అది. మా షెడ్డు పక్కనే ఒక పాత గోదాం ఉండేది. అందులో ముటాలే అనే ఆవిడ పిల్లల కోసం కళాకేంద్రం నడిపేది. బడి మానేసినవాళ్లు, ఇంట్లో పట్టించుకునే దిక్కులేనివాళ్లు సాయంత్రమైతే అక్కడ చేరి నాటకాలు వేసేవాళ్లు, డోళ్లు వాయించేవాళ్లు. ఆ చప్పుడుకు తల పగిలిపోతోందని తిట్టడానికే మొదటిసారి వెళ్లాను. నా నోరు అంత మంచిది కాదు. నేను అరిచిందంతా విని ముటాలే నవ్వి, "మీ ఊళ్లో డోళ్లుండవా?" అని అడిగింది. "ఎందుకుండవు, డప్పు ఉంటుంది," అన్నాను. "అయితే మా పిల్లలకు చూపించండి," అంది. అంతే, ఇరుక్కుపోయాను.

ఎందుకంటే నేను పుట్టి బుద్ధెరిగాక డప్పు ముట్టుకున్నవాణ్ని కాదు. మాది పటేళ్ల ఇల్లు. పెండ్లికి డప్పు విన్నాం, జాతరకు విన్నాం, చావుకు విన్నాం. కొట్టేది ఊరవతలి వాడవాళ్లు, వినేది మేము. ముట్టుకోవద్దని ఇంట్లో ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

అప్పుడు బాలేష్ గుర్తొచ్చాడు. బడిలో నాకంటే చిన్న తరగతి. డిగ్రీ చదివి కరెంటు పని చేస్తూ, వాడలోని కుర్రాళ్లతో డప్పు బృందం పెట్టుకుని స్టేజీల మీద కొట్టేవాడు. ఎవరి దగ్గరో నంబరు సంపాదించి ఫోన్ చేసి, నాకు డప్పు నేర్పమన్నాను. చాలాసేపు నవ్వాడు.

"పటేల్ల పిలగానికి డప్పా! ఓ సంతోషీ, ఇటు రావే, ఇది జర ఇను," అని పెళ్లాన్ని కూడా పిలిచి వినిపించాడు.

నవ్వాడు గాని నేర్పాడు. వీడియో కాల్‌లోనే. అక్కడి వడ్రంగితో చెక్క చట్రం చేయించి, మేక తోలు బిగించి, మంట మీద ఎంతసేపు కాచాలో, ఏ పుల్ల ఏ చేతిలో పట్టాలో అన్నీ ఫోన్లోనే చూపించాడు. దరువు తప్పితే తిట్లే తిట్లు. మా నాన్న కూడా నన్నంతగా తిట్టలేదు. నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు పిల్లలకు నేర్పేవాణ్ని. చివరికి పిల్లలే ఫోన్ లాక్కుని "బాలేష్ అంకుల్, బాలేష్ అంకుల్" అంటూ నేరుగా అతని దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రాలు నా బతుకులోకెల్లా మంచివి, దాచుకోవడం దేనికి? లుసాకా వీధుల్లో పిల్లలతో కలిసి డప్పు కొడుతూ నడిచాను, ఎగిరాను, చెమటతో తడిసి ముద్దయ్యాను. మీ గురువెవరని అడిగితే బాలేష్ అని గర్వంగా చెప్పాను. అక్కడ నాది ఏ ఇల్లని అడిగిన మనిషి లేడు. ఆ హాయి వేరు.

తర్వాత కంపెనీ మూతబడింది. నేను తిరిగొచ్చి బొంగులూరు వైపు ప్లాట్లు చూపించే పనిలో పడ్డాను. బాలేష్ ఇంటికి వెళ్లడం అలవాటైంది. వాళ్ల అరుగు మీద కూర్చుని సంతోషి ఇచ్చిన చాయ్ తాగేవాణ్ని. బాలేష్ మాత్రం మా ఇంటికెప్పుడూ రాలేదు. రమ్మనాలని నాకు తట్టలేదు. కాదు, అబద్ధం. తట్టింది.

ఈ ఏడాది ముటాలే ఫోన్ చేసింది. కేంద్రం పిల్లలు ఊరందరి ముందు పెద్ద ప్రదర్శన ఇవ్వబోతున్నారట. మూణ్నెల్లు వచ్చి తయారుచేయమంది. "మీరూ రావాలి, మీ గురువూ రావాలి," అంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. బాలేష్ పాస్‌పోర్టు తీయించుకున్నాడు, టికెట్లొచ్చాయి. సంతోషి మొగుడికి కొత్త స్వెట్టర్ కొంటే, "అది ఆఫ్రికా, మంచు కొండ గాదు," అని బాలేష్ వేళాకోళమాడాడు. నిజానికి జూన్‌లో అక్కడ చలి వణికిస్తుందని నేను చెబితే ఆమె మొగుడివైపు ఒక చూపు చూసింది.

నేర్పడం మొదలైన కొన్నాళ్లకు బాలేష్ నాకు ఒక మాట చెప్పాడు. "అన్ని దరువులు నేర్పుతన్నా. సావు దరువు మాత్రం అడగకు. గది నేర్ప, గది కొట్ట."

దానికి కారణం ఊరంతటికీ తెలుసు. బాలేష్ తండ్రి భిక్షం బతికినన్నాళ్లూ మా గల్లీలో ఏ శవం లేచినా ముందు నడిచింది ఆయన డప్పే. వానలోనూ నడిచాడు, జ్వరంతోనూ నడిచాడు. ఆ భిక్షం పోయిన రోజు మా గల్లీ నుంచి ఒక్క మనిషి కూడా వాడకు వెళ్లలేదు. ఆ రోజే వాడ కుర్రాళ్లంతా ఒట్టు పెట్టుకున్నారు, ఇక చావుకు డప్పు కొట్టేది లేదని. ఊళ్లో కొంతమంది బెదిరించారు, కొంతమంది బతిమాలారు. వాళ్లు కదల్లేదు. నేనప్పుడు లుసాకాలో ఉన్నాను. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఫోన్లో పంపి నా పని అయిపోయిందనుకున్నాను.

మా ప్రయాణం దగ్గర పడుతుండగా మా పెదనాయన పోయాడు. మంచాల దారిలోని పొలం దగ్గర కుప్పకూలితే, దవాఖానకు చేరేలోపే అయిపోయింది. నన్ను చిన్నప్పుడు భుజాల మీద మోసిన మనిషి. తెల్లవారేసరికి చుట్టాలంతా వాకిట్లో చేరారు. నేను ఒక మూల నిలబడి ఏడుస్తుంటే మా పెద్దమ్మ భూలక్ష్మి నన్ను దగ్గరికి పిలిచింది.

"మీ పెదనాయినకు డప్పంటే పానం రా. జాతరొస్తె అన్నం గూడ మర్చిపోతుండె. ఇయ్యాల ఆయినను సప్పుడు లేకుంట తీస్కపోతరా? గింత మన్నుపాలైందా మన బతుకు?"

ఆమె కొడుకు సిద్ధార్థ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "బాలేష్‌గాడు నీ దోస్తే గద. నువ్వంటె కాదనడు. పోయి చెప్పు."

కాదనడు. ఆ మాట నా చెవికి ఎంత తియ్యగా ఉందో చెబితే మీకు నా మీద అసహ్యం వేస్తుంది. ఊరంతా బతిమాలినా కదలనివాడు నేనంటే కదులుతాడని అందరిముందూ చూపించుకోవాలనిపించింది. అప్పుడే నేను 'అది కుదరదు పెద్దమ్మా' అని ఉంటే అక్కడితో సరిపోయేది. బండి తీశాను.

బాలేష్ అరుగు మీద కూర్చుని లుసాకా పిల్లల కోసం కొత్త డప్పులకు తోలు బిగిస్తున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కబురు అప్పటికే తెలిసింది.

"పెద్దమనిషి మంచోడన్నా. నేనొస్త. దండ ఏస్త. కట్టెలు మొయ్యమన్నా మోస్త."

"డప్పు తే బాలేష్. మా పెద్దమ్మ ఏడుస్తున్నది."

"గది తప్ప అన్నా."

"ఒక్కసారి. నా కోసం."

"నీ కోసమని మా బాపును మర్చిపొమ్మంటవా?"

నాకు కోపం ముక్కు మీదుంటుంది. అక్కడ చావు ఇంట్లో అందరూ నాకోసం చూస్తున్నారు. ఒట్టి చేతులతో ఎలా వెళ్లను? ఆ కోపంలో అనేశాను. "నిన్ను లుసాకాకు తీస్కపోతున్నదెవలు? విమానమెక్కిస్తున్నదెవలు? గంత చేస్తున్న నాకు గింత చెయ్యవా?"

చాయ్ తెస్తున్న సంతోషి గడపలోనే ఆగిపోయింది. బాలేష్ నన్ను చూడలేదు. చేతిలోని తోలును మళ్లీ బిగించసాగాడు. నోరు జారానని నాకు తెలుస్తూనే ఉంది, వెనక్కి తీసుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

చివరికి తలెత్తాడు. "సరె. రెండు డప్పులు తెస్త. ఒకటి నువ్వు కొట్టు, ఒకటి నేను కొడ్త. పోయింది మీ పెదనాయిన. నీకు డప్పొస్తది, నేర్పింది నేనే. నువ్వు నా పక్కపొంటి నడిస్తె నేను ఒట్టు తప్పుత. మా వాడోళ్లకు నేను జవాబు చెప్పుకుంట."

"మా గల్లీలనా?" అన్నాను.

"మరి యాడ? మీ పెదనాయిన లుసాకాల పోయిండా?"

సరేనన్నాను. నిజంగానే అన్నాను, ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. బండి మీద తిరిగొస్తుంటే గుండె నిండుగా అనిపించింది కూడా. లుసాకాలో అంతమంది ముందు కొట్టినవాణ్ని, సొంత పెదనాయనకు కొట్టలేనా? ఎవడేమనుకుంటే నాకేంటి అనుకున్నాను. గల్లీ మలుపు తిరిగి, వాకిట్లో తెల్లబట్టల్లో నిలబడ్డ మా వాళ్లను చూశాను. మా బాబాయిలు, మేనమామలు, అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన వియ్యంకులు. బండి వాళ్లకు కాస్త దూరంగానే ఆపేశాను.

"వస్తుండా?" అన్నాడు సిద్ధార్థ.

"వస్తుండు," అన్నాను. ఎలా వస్తున్నాడో చెప్పలేదు.

పాడె కట్టారు. ఎత్తే వేళకు నేను అందర్నీ తోసుకుంటూ వెళ్లి ముందు కొమ్ము కిందికి దూరాను. పెదనాయన మీద ప్రేమ అనుకున్నారు చూసినవాళ్లు. రెండు చేతులూ ఖాళీ లేకుండా చేసుకున్నానని నాకొక్కడికే తెలుసు.

ఇంటి ముందు నుంచి కదిలి మలుపు దాకా వచ్చేసరికి బాలేష్ అక్కడ ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. గోడ పక్కన గడ్డి మంటేసి డప్పులు కాచి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఒకటి మెడకు వేసుకున్నాడు, రెండోది చేతిలో ఉంది. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న సిద్ధార్థ ఆగాడు. పాడె ఆగింది.

"గా రెండోది ఎవలకురా?" అన్నాడు సిద్ధార్థ.

"శ్రీపాలన్నకు," అన్నాడు బాలేష్. నా దగ్గరికి వచ్చి డప్పు చాచాడు. "పట్టన్నా. సల్లారక ముందే."

నా వెనక నిలబడ్డ మా బాబాయి కొడుకు రత్నాకర్ మంచితనానికి పోయి, "నేను మోస్త తియ్యి, నువ్వు పో," అని నా భుజం మీది కొమ్మును తన భుజం మీదికి తీసుకున్నాడు. నా చేతులు ఖాళీ అయ్యాయి. అందరూ ఆ చేతులనే చూస్తున్నారు. మా చిన్న మేనమామ నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు, నవ్వాపుకోడానికో ఏమో నాకు తెలియదు.

అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఇది. "పరాచికాలాడకు బాలేష్. గిది టైమా? నాకు డప్పేంది?"

గట్టిగానే అన్నాను. చివరివాళ్లకు కూడా వినబడేటట్టు.

బాలేష్ నా ముఖంలోకి చూశాడు. అతను కోపం తెచ్చుకుని నాలుగు తిట్టి ఉంటే బాగుండేది, దరువు తప్పితే తిట్టినట్టు. తిట్టలేదు. "తప్పైంది పటేలా," అన్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్నలా పిలవలేదు. మెడలోని డప్పు తీసి, రెండింటినీ చంకలో పెట్టుకుని గోడవైపు జరిగాడు. పాడె దాటేదాకా తల వంచుకుని నిలబడి, ఆ తర్వాత వాడవైపు నడిచాడు. మేం పెదనాయనను చప్పుడు లేకుండానే తీసుకెళ్లి కాల్చొచ్చాం.

ఇంటికొచ్చి స్నానం చేశాక పెద్దమ్మ అడిగింది. "డప్పు ఇనబడలేదేంరా బిడ్డా? వస్తుండన్నవ్ గద."

"రాలేదు పెద్దమ్మా," అన్నాను.

"గింత మొండితనమా వానికి?" అని ఆమె కళ్లు తుడుచుకుంది. నేను ఆ మాటను దిద్దలేదు, మలుపు దగ్గర అంతా చూసిన మా మగవాళ్లూ దిద్దలేదు. బాలేష్ మీద పడ్డ ఆ మాట అలాగే ఉండిపోయింది, సాయంత్రానికి గల్లీ అంతా తిరిగింది.

రెండు మూడు రోజులు అన్నం సహించలేదు. మైలలో ఉన్నవాడు బయట తిరగకూడదని పెద్దవాళ్లు అంటున్నా వినకుండా బాలేష్ ఇంటికెళ్లాను. సంతోషి తలుపు తీసింది. కూర్చోమనలేదు. కూర్చోమంటే ఇంకా సిగ్గయ్యేది. బాలేష్ లోపల్నుంచి వచ్చి గడపకు ఆనుకున్నాడు.

"తప్పు చేసిన బాలేష్. నన్ను కొట్టు, తిట్టు. లుసాకా మాత్రం బంద్ పెట్టకు. పిల్లలు నీకోసం చూస్తున్నరు."

"నేను బంద్ పెడ్తనని ఎవలన్నరు? పిల్లగాండ్లు ఏం తప్పు చేసిన్రు? నేను పోత." తలుపు మీద చెయ్యి వేశాడు. "నువ్వు రాకు."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది, ఒప్పుకోబుద్ధి కాలేదు.

"నేను లేకుంటె నీకు ఆడ ఎవలు తెలుసు? దారి తెల్వదు, మాట తెల్వదు..."

"ఇంగ్లీషొస్తది. కరెంటు పనికి పోయి అడ్రసులు ఎతుక్కునేటోన్ని, దారి దొరుకుతది. నా ఫికర్ నీకొద్దు. అన్నా, ఆడ నువ్వు అందరి ముంగట నా భుజం మీద చెయ్యేస్తవ్. మా గురువు అంటవ్. గా పిల్లలు నా మొఖం జూసి, అవ్నా అంకుల్, నిజమేనా అంటరు. నేను దినాం అవ్ అనాలె. నాతోని గాదు."

"మరి నేను పోయి, నువ్వు రాకుంటె?" నీచమైన ప్రశ్న అని తెలిసే అడిగాను.

"గట్లయితె నువ్వే పో. నాకు పంచాయితి లేదు. పిల్లలకు ఎవలు కావాల్నో నువ్వే జెప్పు."

నాకు వచ్చిన నాలుగు దరువులూ అతను పెట్టిన భిక్షే. అతను వెళితే పిల్లలకు గురువు దొరుకుతాడు. నేను వెళితే నాకు హాయి దొరుకుతుంది. ఇన్నాళ్లూ పిల్లల కోసం, పిల్లల కోసమని అందరికీ చెప్పుకు తిరిగింది ఆ హాయి కోసమేనని ఆ గడప ముందు నిలబడితే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వే పో," అన్నాను.

ఆ సాయంత్రం పెదనాయన ఇంట్లో వెనక గదిలో కూర్చుని ముటాలేకు వీడియో కాల్ చేశాను. బాలేష్ ఒక్కడే వస్తాడని చెప్పాను. ఆమె కంగారుపడింది. ఒంట్లో బాగాలేదా, ఏమైందని అడిగింది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది, ఒట్టు. కాని ఆమె దృష్టిలో ఒక శ్రీపాల్ ఉన్నాడు. వాణ్ని చంపుకోలేకపోయాను.

"మా పెదనాన్న పోయాడు," అన్నాను. "ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఏడాది దాకా సముద్రం దాటకూడదని మాకో ఆచారం."

అలాంటి ఆచారం మా ఇంట్లో ఎవరికీ లేదు. అప్పటికప్పుడు పుట్టించాను.

ముటాలే కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆచారాన్ని అంత గౌరవించే మనిషివి," అంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వెనక్కి తిరిగి పిల్లలకేదో చెప్పింది. వాళ్లంతా ఆడుకోవడం ఆపేసి ఫోన్ ముందుకు వచ్చి వరసగా నిలబడ్డారు. ఒక పొడుగాటి పిల్ల ముందుకొచ్చి, "మీ పెదనాన్నకు డప్పంటే ఇష్టమా అంకుల్?" అని అడిగింది.

"చాలా ఇష్టం," అన్నాను. అదొక్కటే ఆ పూట నేను చెప్పిన నిజం.

"అయితే ఆయన కోసం," అంది.

డప్పులెత్తుకున్నారు. వాళ్లకు చావు దరువు తెలియదు, ఎవరూ నేర్పలేదు. వచ్చిందల్లా జాతర దరువు. అదే అందుకున్నారు. ఫోన్లోంచి ఆ చప్పుడు గది నిండా ఎగిసింది. చిన్నప్పుడు ఆ దరువుకే పెదనాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని గంతులేసేవాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ముందు గదిలోంచి సిద్ధార్థ కేకేశాడు. "ఏందిరా గా సప్పుడు? చుట్టాలున్నరిక్కడ!"

నా వేలు దానంతటదే వెళ్లి సౌండ్ తగ్గించేసింది. తెర మీద పిల్లల చేతులు ఆడుతూనే ఉన్నాయి. చప్పుడు లేదు.

తలుపు దగ్గర అలికిడైంది. పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. చెవి ఇటు పెట్టి, ముఖంలో ఏదో ఆశతో అడిగింది. "డప్పా బిడ్డా గది? డప్పోలె ఇనబడ్డది."

"కాదు పెద్దమ్మా," అన్నాను.